అట్ట ఫ్రేము పడవలా ఎందుకు వంగింది?

ప్రశ్న: మా అమ్మానాన్నల షష్టిపూర్తికి ఇంకా నెల రోజులుంది. 12 అంగుళాల స్క్రాప్‌బుక్ ఆల్బమ్ చేస్తున్నాను. రంగు వెయ్యని చిప్‌బోర్డ్ ఫ్రేములు, లతలు, ఇంగ్లీషు అక్షరాల సెట్టు తెప్పించాను. ఫ్రేముకి అక్రిలిక్ రంగు రెండు పూతలు వేస్తే ఆరాక పడవలా వంగిపోయింది. రంగు సీసాలో కనిపించినంత నిండుగా లేదు, అంచులు నూగుగా లేచాయి. వేడికి కరిగి మెరిసే పొరలా మారాల్సిన ఎంబాసింగ్ పౌడర్ హెయిర్ డ్రయ్యర్‌కి కరగలేదు. హీట్ గన్ కొని చూస్తే బుడగలొచ్చాయి. చమ్కీ ఫొటోల మీద రాలుతోంది. మొదటి పేజీలో 'షష్టిపూర్తి' అని తెలుగులోనే పెట్టాలని ఉంది, కానీ తెలుగు అక్షరాలు ఎక్కడా దొరకలేదు. ఈ అట్ట వల్ల పాత ఫొటోలు పాడవుతాయని ఎవరో అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చమ్కీ సంగతి పక్కన పెడితే, అట్ట పనిలో మీకొచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే. ఆ ముక్కలు చేతికి చెక్కలా గట్టిగా తగులుతాయి గానీ అవి కాగితమే. వాడేసిన కాగితాన్ని గుజ్జు చేసి పొరలు పొరలుగా అదిమి తయారుచేసిన అట్ట అది. బైండింగ్ వాళ్ళు గ్రే బోర్డు అంటారు. (హార్డ్‌వేర్ షాపులో చిప్‌బోర్డ్ అని అడిగితే బల్లలకీ అరలకీ వాడే చెక్కపొట్టు పలక తీసి చూపిస్తారు. అది వేరే వస్తువు.) పూత లేని అట్టకి దాహం ఎక్కువ. రంగులో ఉన్న నీళ్ళు తాగేస్తుంది, ఉబ్బుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. అందుకని ముందు దాని నోరు మూయించి, ఆ తర్వాతే అలంకారం మొదలుపెట్టాలి. ఇంగ్లీషు వీడియోల్లో ఈ మెట్టు రెండు సెకన్లలో దాటేస్తారు, చూసేవాళ్ళకి అది లెక్కలోకే రాదు.

ముందు మీ ఫ్రేము సంగతి. మీరు ముఖం వైపు మాత్రమే రంగు వేసి ఉంటారు. ఆ వైపు పీచు తడిసి సాగింది, వెనక వైపు పొడిగానే ఉంది. ఆరేటప్పుడు సాగిన పీచు వెనక్కి ముడుచుకుంది, దాని మీది రంగు పొర కూడా కుంచించుకుపోయి అట్టని తన వైపు లాక్కుంది. అక్షరాల్లాంటి చిన్న ముక్కల్లో ఈ వంపు పెద్దగా తెలియదు. సన్నని పట్టీలతో ఉండే పెద్ద ఫ్రేములోనూ పొడవాటి లతల్లోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దాన్ని పారెయ్యకండి. వెనక వైపు గెస్సో (రంగుకి ముందు అడుగున వేసే తెల్ల పూత) గానీ, అదే అక్రిలిక్ రంగు గానీ ఒక పూత వెయ్యండి. చేతికి అంటని స్థితికి వచ్చి, లోపల ఇంకా కాస్త చల్లగా ఉందనిపించినప్పుడు రెండు జారుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు నాలుగైదు పేర్చి 24 గంటలు వదిలెయ్యండి. జారుడు కాగితం అంటే స్టిక్కర్లు ఊడదీశాక మిగిలే నున్నటి వెనక కాగితం, లేదా సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం. మామూలు బటర్ పేపరూ, వార్తాపత్రికా పనికిరావు. కొత్త అక్రిలిక్ పొర ఒత్తిడి పడితే దేనికైనా అతుక్కుంటుంది, తీసేటప్పుడు కాగితం రంగుకి అంటి వచ్చేస్తుంది. వంపు మరీ ఎక్కువగా ఉంటే వెనక రెండో పూత వేసి మళ్ళీ బరువు పెట్టండి. చేత్తో ఎదురు వంచి సరిచేద్దామనుకుంటే మాత్రం పట్టీ మధ్యలో మడత పడుతుంది. ఆ మడతని ఏ రంగూ దాచలేదు.

ఇక మిగిలిన ముక్కలకి మొదటి నుంచీ.

షీటులోంచి ముక్కల్ని లాగి తీయకండి. మూలల్లో చిన్న చిన్న అతుకులుంటాయి, వాటిని బ్లేడుతో కొయ్యాలి. లాగితే పై పొర చీరుకుని అట్ట ఆకుల్లా విడిపోతుంది. ఇప్పటికే విడిపోయిన చోట పుల్ల కొనతో తెల్ల ఫెవికాల్ చుక్క పొరల మధ్యకి తోసి, క్లిప్పు పెట్టి గంటసేపు వదిలెయ్యండి. అంచుల మీద గోధుమ రంగు మసి ఉంటే అవి లేజర్‌తో కోసినవి. ఆ మసిని పొడి బ్రష్‌తో దులపాలి. తడిగుడ్డ పెడితే ముఖం మీదికి పాకుతుంది, పసుపు, తెలుపు లాంటి లేత రంగులన్నీ మురికిగా కనిపిస్తాయి.

అంచుల నూగు తగ్గాలంటే 220 నంబరు ఉప్పు కాగితంతో ఒకసారి, ఆ తర్వాత 400 నంబరుతో ఒకసారి రుద్దాలి. పైకీ కిందికీ అటూ ఇటూ కాకుండా ముఖం నుంచి వెనక్కి, ఒకే దిశలో. వెనక్కి రుద్దితే నూగు వెనక వైపే మిగులుతుంది. వంపుల లోపల గోళ్ళు అరగదీసే అట్ట ఫైలుని సన్నగా కత్తిరించి వాడితే సులువు.

ఆ తర్వాత గెస్సో. పెద్ద ఆర్ట్ షాపుల్లో దొరుకుతుంది. కామెల్ వాళ్ళది ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 'పలచని పూత' అని చదివి గెస్సోలో నీళ్ళు కలుపుతారు. పలచని పూత అంటే నీళ్ళ రంగు కాదు, తక్కువ రంగు. గెస్సో డబ్బాలో ఉన్నట్టే గడ్డ పెరుగులా ఉండాలి, దాన్ని స్పాంజి ముక్కతో అద్దుతూ పోవాలి. 6 అంగుళాల ఫ్రేముకి ఒక వైపు శనగ గింజంత చుక్కలు రెండు మూడు సరిపోతాయి. బ్రష్‌తో గీస్తే అంచు దగ్గర రంగు గడ్డకట్టి పక్కకి కారుతుంది; స్పాంజికి ఆ బాధ లేదు. ముందు అంచులు, తర్వాత వెనక, చివర ముఖం. ఒక్కో వైపూ 15–20 నిమిషాలు ఆరనివ్వండి. కాకినాడ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మీరు అరగంట అనుకోండి. మొదటి పూత ఆరాక చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది, తడికి లేచిన పీచు అది. 400 నంబరు కాగితంతో మెల్లగా ఒక్కసారి రుద్ది రెండో పూత వెయ్యండి. మీ రంగు మొదట్లో వెలవెలబోవడానికి కారణం కూడా ఇదే: కింద బూడిద రంగు, పైన దాహం. అట్ట రంగు నీళ్ళని పీల్చుకుంటే రంగు కణాలు పలచగా చెదిరిపోతాయి. తెల్ల గెస్సో మీద అదే సీసా రంగు రెండు పూతలకే నిండుగా వస్తుంది.

బంగారు, రాగి, వెండి రంగులకి తెల్ల గెస్సో వద్దు. నల్ల రంగు ఒక పూత వేసి దాని మీద వెయ్యండి, లోహం కళ వస్తుంది. తెలుపు మీద బంగారం పసుపు పచ్చగా తేలిపోతుంది.

సన్నని లతలకి, మరీ దువ్వెన పళ్ళలా ఉన్న వాటికి, గెస్సో కూడా ఎక్కువే. వాటికి స్ప్రే డబ్బాలో వచ్చే తెల్ల ప్రైమర్ గానీ, నీళ్ళు లేని పారదర్శక లాక్కర్ (వార్నిష్ లాంటి పూత) గానీ మేలు. నీరే లేదు కాబట్టి వంగే సమస్య రాదు. మేడ మీద, గాలి వెనక నుంచి వీస్తుండగా, ఒక అడుగు దూరం నుంచి రెండు మూడు సార్లు చిమ్మాలి. వాసన పూర్తిగా పోయేదాకా, అంటే నాలుగైదు రోజులు, ఆ ముక్కల్ని ఫొటోల దగ్గరికి రానివ్వకండి.

కొన్నిటికి అసలు గెస్సో అక్కర్లేదన్నది కూడా చెప్పాలి. నలుపు తెలుపు ఫొటోల పేజీకి పచ్చి అట్ట మీద నేరుగా కాఫీ రంగు ఇంకు ప్యాడ్ అద్దితే పాత ట్రంకు పెట్టె అట్టలా మాసిన అందం వస్తుంది. అట్ట ఇంకు తాగెయ్యడం ఇక్కడ మనకి కలిసొస్తుంది. డై ఇంకు లోపలికి ఇంకి మసక బారుతుంది. పిగ్మెంట్ ఇంకు పైన నిలుస్తుంది, ఆరడానికి ఎక్కువ టైము పడుతుంది. ఏ ఇంకు ఎలా కనిపిస్తుందో షీటులో మిగిలిపోయిన ముక్క మీద చూసుకున్నాకే అసలు ముక్క మీదికి వెళ్ళండి. శుభకార్యం కదా అని కొందరు అట్టకి నిజం పసుపే రాస్తారు. అది వెలుతురుకి వెలిసిపోతుంది, పక్క పేజీకి అంటుతుంది. పసుపు రంగు అక్రిలిక్ పెట్టుకోండి చాలు.

ఎంబాసింగ్ పౌడర్. హెయిర్ డ్రయ్యర్ గాలి ఎక్కువ కొడుతుంది, వేడి తక్కువ ఇస్తుంది. పొడి ఎగిరిపోతుందే తప్ప కరగదు. హీట్ గన్‌తో వచ్చిన బుడగలకి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, కింది రంగు పైకి ఆరినట్టున్నా లోపల తడిగా ఉండటం. రెండు, అట్టలోనే గాలి తేమ ఉండటం. వేడి తగలగానే ఆ తడి ఆవిరై, కరుగుతున్న పొడిని పొంగిస్తుంది. అందుకని రంగు వేసిన రోజే పౌడర్ పని పెట్టుకోకండి, మర్నాడు చెయ్యండి. మొదలుపెట్టే ముందు ఒట్టి ముక్కకి గన్‌తో 20–30 సెకన్లు వేడి చూపించి, పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాత టాల్కం పౌడర్ కట్టిన చిన్న గుడ్డ మూటతో ఒకసారి తట్టి, ఎంబాసింగ్ ఇంకు గానీ పిగ్మెంట్ ఇంకు గానీ నిండుగా అద్ది, పొడి చల్లండి. మిగిలిన పొడిని కాగితం మీదికి దులిపి డబ్బాలో పోసుకోవచ్చు. డై ఇంకు వెంటనే ఆరిపోతుంది కాబట్టి పొడిని పట్టుకోలేదు.

గన్‌ని రెండు మూడు అంగుళాల దూరంలో, ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. పొడి గరుకుగా ఉన్నది కాస్తా నీళ్ళ చుక్కలా మెరిసిన క్షణాన పక్కకి తిప్పెయ్యాలి. ఇంకాస్త చూద్దాం అనుకుంటే కరిగిన పొడి అట్టలోకి ఇంకి నూనె మరకలా చప్పబడుతుంది. ఒక్క పొర ఎప్పుడూ చాలదు. మొదటిది వేడిగా ఉండగానే మళ్ళీ పొడి చల్లి కరిగించండి. మూడు పొరలైతే పింగాణీ నునుపు వస్తుంది. కింద బల్లకి బదులు టైల్ ముక్క పెట్టుకోండి, ముక్కని పటకారుతో పట్టుకోండి. పైన ఫ్యాను ఆపండి! ఇప్పటికే వచ్చిన బుడగల్ని మళ్ళీ కరిగించి, మెత్తగా ఉండగా సూదితో పొడిస్తే చాలావరకు కూర్చుంటాయి.

చమ్కీకి పెద్ద విద్యేమీ లేదు. కింద అదే రంగు అక్రిలిక్ వేసి ఆరనిస్తే ఖాళీలు కనపడవు. పైన తెల్ల జిగురు పలచగా రాసి, సన్న చమ్కీ చల్లి, తట్టి, రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు గట్టి బ్రష్‌తో దులిపి, పైన అక్రిలిక్ వార్నిష్ ఒక పూత వెయ్యాలి. మీరు చివరి రెండూ వదిలేసి ఉంటారు. వార్నిష్ వేసినా సరే, చమ్కీ ముక్క ఫొటో మీద పడేలా పెట్టకండి, ఎదుటి పేజీ ఫొటోకి ఆనేలా కూడా పెట్టకండి. అది సన్నని ఉప్పు కాగితం లాంటిదే, గీతలు పడతాయి.

బీటలు వారిన పాత తలుపు రంగు కావాలనుకుంటే తెల్ల జిగురుతోనే వస్తుంది: ముదురు రంగు వేసి ఆరనిచ్చి, పైన జిగురు రాసి, అది వేలికి బంకగా తగులుతున్నప్పుడు లేత రంగు అక్రిలిక్‌ని ఒకే గీతగా లాగాలి. గీసిన చోట మళ్ళీ గీస్తే బీటలు మూసుకుపోతాయి. జిగురు మందంగా ఉంటే బీటలు వెడల్పుగా వస్తాయి. కానీ ఇందులో నీరు ఎక్కువ, వెనక పూత లేని ఫ్రేముకి ఇది చేశారంటే మళ్ళీ పడవే.

ఇప్పుడు అన్నిటికన్నా ఆసక్తిగా ఉన్న మీ ప్రశ్న, 'షష్టిపూర్తి'.

తయారు అక్షరాల సెట్లు ఇంగ్లీషువే ఎందుకు దొరుకుతాయంటే ఇరవయ్యారు ముక్కలు కోస్తే వాళ్ళ పని అయిపోతుంది. మనకి అక్షరం, గుణింతం, వత్తు కలిసి ఎన్ని రూపాలో! పెట్టెలో పెట్టి అమ్మడం కుదరదు. కాబట్టి మాటని మొత్తంగా మీరే కోసుకోవాలి, లేదా లేజర్ కటింగ్ షాపులో కోయించుకోవాలి.

రెండింటికీ మొదటి పని లావుపాటి ఖతి (ఫాంట్) ఎంచుకోవడం. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా విడుదల చేసిన ఖతుల్లో రామభద్ర దీనికి సరిపోతుంది. గీత మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండేలా సైజు పెంచండి. అంతకన్నా సన్నగా ఉంటే కోసేటప్పుడే అట్ట విరుగుతుంది. మీ పేజీ 12 అంగుళాలు. మాట 10 అంగుళాల వెడల్పు వస్తే బాగుంటుంది, అంటే ష, ష్టి, పూ, ర్తి ఒక్కోటి రెండు, రెండున్నర అంగుళాలు. కింద ట వత్తూ త వత్తూ దిగుతాయని మరిచిపోయి శీర్షికకి రెండంగుళాల పట్టీ వదిలితే వత్తులు ఫొటో మీద కూర్చుంటాయి. మూడున్నర అంగుళాల ఎత్తు వదలండి.

లేజర్ షాపుకి ఇస్తున్నట్టయితే అక్షరాల్ని గీతలుగా, అంటే అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. టైపు చేసిన ఫైలు అలాగే ఇస్తే వాళ్ళ కంప్యూటర్లో ఆ ఖతి ఉండదు, వత్తు అక్షరం కిందికి దిగకుండా పక్కకొచ్చి నిలబడుతుంది. కోసేవాళ్ళకి తెలుగొచ్చినా హడావుడిలో ఎవరూ చూడరు. మీరు ఎదురుగా నిలబడి తెర మీద ఒకసారి చదివి, అప్పుడు కొయ్యమనండి.

చేత్తో కోసేటట్టయితే అట్ట 1 మిల్లీమీటరు మించకూడదు. 2 మిల్లీమీటర్ల అట్టలో 'ష' వంపులు తిప్పాలంటే వేళ్ళు వాస్తాయి. మందం కావాలంటే ఒకే అక్షరాన్ని రెండుసార్లు కోసి అంటించి, ఆరాక అంచులు కలిపి రుద్దుకోవచ్చు. ఇక్కడ క్రమం మార్చితే పని సగం తగ్గుతుంది: కోశాక రంగు వేసే బదులు, ముందే అట్టకి రెండు వైపులా కాగితం అంటించెయ్యండి. ముఖం వైపు మీకు నచ్చిన డిజైన్ కాగితం, వెనక మామూలు తెల్ల కాగితం. రెండు వైపులా అంటితే లాగుడు సమానమై అట్ట వంగదు. జిగురుని కాగితానికి కాకుండా అట్టకి రాయండి. కాగితం తడిస్తే సాగి ముడతలు పడుతుంది. అప్పడాల కర్రతో మధ్య నుంచి అంచులకి దొర్లించి, బరువు కింద రాత్రంతా ఉంచాలి. మర్నాడు దాని మీద మీ అక్షరాల ప్రింటుని అంచుల్లో మాత్రం టేపుతో పట్టించి కొయ్యండి. అక్షరం కోసి బయటికి రాగానే ముఖం సిద్ధంగా ఉంటుంది. ఇక అంచులకి ఇంకు అద్దుకోవడమే మిగులుతుంది.

కోతకి 11 నంబరు సర్జికల్ బ్లేడు వాడండి, మందుల షాపులో కూడా దొరుకుతుంది. ఒక్క దెబ్బకి తెగాలని చూడకండి. మొదటి గీత దారి కోసం, రెండోదీ మూడోదీ లోతు కోసం, నాలుగోదానికి తెగాలి. వంపుల్లో చెయ్యి నిలిపి అట్టని తిప్పండి. ముందు లోపలి ఖాళీలు కొయ్యాలి: గుడి లోపలి చుట్ట, 'ర' లోపలి గుండ్రం. ఆ తర్వాతే బయటి గీత. బయటిది ముందు కోస్తే ముక్క చేతిలోకి వచ్చేస్తుంది, లోపల కొయ్యడానికి పట్టు దొరకదు. మరీ చిన్న గుండ్రాలకి బ్లేడు వద్దు. బెల్టులకి రంధ్రాలు చేసే పంచ్, 3 నుంచి 5 మిల్లీమీటర్లది, సరిగ్గా సరిపోతుంది. గ్రే బోర్డు బ్లేడుని త్వరగా మొద్దు చేస్తుంది, రెండక్షరాలకి ఒక బ్లేడు అనుకోండి. అంచులు నూగుగా వస్తున్నాయంటే బ్లేడు మార్చాలని గుర్తు.

కోసి తీశాక మిగిలే అట్ట షీటుని, అక్షరాల ఆకారంలో చిల్లులున్న దాన్ని, పారెయ్యకండి. అంటించేటప్పుడు దాన్ని పేజీ మీద పరిచి, అక్షరాలూ వత్తులూ వాటి వాటి చిల్లుల్లో పెట్టి అంటించి, షీటుని మెల్లగా ఎత్తేస్తే అన్నీ ఉన్న చోటే, ఉన్న ఎడంతోనే కూర్చుంటాయి. వత్తులు అక్షరానికి అతుక్కోని విడి ముక్కలు కాబట్టి ఈ అచ్చు లేకపోతే వరస తప్పడం ఖాయం. వాటి వెనక పెన్సిల్‌తో పైకి బాణం గుర్తు కూడా పెట్టుకోండి. ఒంటరిగా చేతిలో ఉన్న త వత్తు ఏ వైపు పైనో ఒక్క క్షణం ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండు వత్తుల్నీ ఒక్కోటి అదనంగా కోసి ఉంచుకుంటే మంచిది, బల్ల కిందికి దొర్లిపోయేవి అవే.

ఫొటోల సంగతి. మీకు చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పారు. మామూలు గ్రే బోర్డు చిత్తు కాగితంతో చేసింది. అందులో చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం, ఆమ్లం ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆనుకుని ఉన్న ఫొటో పసుపెక్కుతుంది, నలుపు తెలుపు ఫొటోలో వెండి దెబ్బతింటుంది. గెస్సో, రంగు, వార్నిష్ దాన్ని నెమ్మదింపజేస్తాయే గాని ఆపలేవు. 'పూత వేశాం కాబట్టి యాసిడ్-ఫ్రీ' అన్నది నమ్మకండి. ఫొటోల కోసం చేసిన సామాను మీద పి.ఎ.టి. పరీక్ష దాటినట్టు ఉంటే అది వేరు. ఐ.ఎస్.ఓ. 18916 ప్రమాణం ప్రకారం ఫొటోకి హాని చెయ్యదని చూసే పరీక్ష అది. మీ అమ్మానాన్నల పెళ్ళి ఫొటో, చిన్ననాటి ఫొటోల అసలు ప్రతులు ఆల్బమ్‌లోకి పోనే పోకూడదు. 600 డీపీఐలో స్కాన్ చేయించి కొత్త ప్రింట్లు పెట్టుకోండి, అసలువి విడిగా కాగితపు కవర్లలో దాచండి. అట్ట ఫ్రేముకీ ప్రింటుకీ మధ్య కూడా యాసిడ్-ఫ్రీ కార్డు ఒకటి ఉండేలా చూసుకోండి.

జిగురు విషయంలో మన పాత పద్ధతి ఒకటి పనికిరాదు. ఆల్బమ్‌లకి మైదా ఉడికించిన జిగురు వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పిండి అంటే వెండి పురుగులకి విందు. పురుగు రాకుండా బైండింగ్ వాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. లెక్కల పుస్తకాలకి అది బాగానే ఉంటుంది గానీ ఫొటోల పక్కన ఉంచదగ్గది కాదు. తెల్ల క్రాఫ్ట్ జిగురుని అట్ట వెనక, అంచుకి 3 మిల్లీమీటర్లు లోపలగా సన్నని గీతలా పెట్టి, పేజీకి నొక్కి, బరువు పెట్టండి. అంచు దాకా రాస్తే బయటికి పొంగుతుంది. ఇన్‌స్టంట్ గ్లూ ముదురు రంగుల చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వేస్తుంది. రెండు వైపులా అంటుకునే టేపు గరుకు గెస్సో మీద ఎక్కువ కాలం పట్టదు.

ఎదురెదురు పేజీల్లో అట్ట ముక్కలు ఒకే చోట వచ్చాయంటే ఆల్బమ్ మూయగానే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఎడమ పేజీలో పైన పెడితే కుడి పేజీలో కింద పెట్టండి. 'షష్టిపూర్తి' ఉన్న మొదటి పేజీకి ఎదురుగా ఆల్బమ్ పై అట్ట లోపలి వైపే ఉంటుంది కాబట్టి అక్కడ మందం గురించి బెంగ లేదు.

పేజీలకి తొడిగే ప్లాస్టిక్ స్లీవులు పాలీప్రొపిలీన్‌వి చూసి కొనండి. మెత్తగా, కొత్త షవర్ కర్టెన్ వాసన వేసేవి పీవీసీ. అవి ఫొటోకీ మంచివి కావు, అక్రిలిక్ రంగుకి గట్టిగా అతుక్కుపోతాయి కూడా. అక్రిలిక్ గంటలో చేతికి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. మీ ఊరి ఉక్కలో ఇంకా ఆలస్యం. కాబట్టి మీ నెల రోజుల్లో మొదటి వారం కోతా గెస్సో, రెండో వారం రంగూ పౌడరూ చమ్కీ, మూడో వారం ఏమీ ముట్టుకోకుండా ఆరబెట్టడం, నాలుగో వారం అంటింపు. రోజులు తక్కువ పడుతున్నాయంటే ఆరబెట్టే వారాన్ని మాత్రం కొయ్యకండి. ఫ్రేములు రెండు తగ్గించుకోండి, లేదా రంగు మానేసి కాగితం అంటించండి. పేజీని స్లీవులోకి తోసే ముందు స్లీవు ముక్క ఒకటి కత్తిరించి రంగు వేసిన అట్ట మీద పెట్టి, పైన పుస్తకం ఉంచి తెల్లారేదాకా వదలండి. పొద్దున తీసినప్పుడు చిటపటమని చప్పుడు చేస్తూ ఊడిందంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. రెండు రోజులాగి మళ్ళీ చూడండి.